వెంకటరత్నమ్మ ఒప్పుకోలు

వెంకటరత్నమ్మకు కోపం ఎక్కువని ఆ కాలనీలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. తర్లుపాడు నుంచి వచ్చే ఆటోవాళ్ళు చర్చి గేటు ముందు హారన్ కొట్టరు. ఒకడు ఒకసారి ప్రార్థన మధ్యలో కొట్టాడు. ఆమె మోకాళ్ళ మీద నుంచి లేచి, చెప్పులైనా వేసుకోకుండా, వాడిని తారురోడ్డు దాకా తిట్టుకుంటూ తరిమింది. హారన్ వల్ల పాడైన ప్రార్థన కంటే ఆ తిట్ల వల్ల పాడైంది ఎక్కువ.

ఆ చర్చికి పాస్టరు ప్రవీణ్ కుమార్. మార్కాపురంలో కాపురం, ఆదివారాలు బండి మీద వస్తాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, మంచి గొంతు. నెలకోసారైనా కోపం మీద ప్రసంగం చేస్తాడు. క్రైస్తవులన్న తర్వాత శాంతంగా ఉండాలంటాడు. ఆ మాట అంటూ చూపు ఆడవాళ్ళ చాపల వైపు తిప్పి, మూడో వరసలో గోడకు ఆనుకుని కూర్చున్న వెంకటరత్నమ్మ దగ్గర ఆపుతాడు. ఆమె ప్రతిసారీ ఆమేన్ అంటుంది. ఆ ఆమేన్ కూడా కోపంగానే ఉంటుంది.

ఆ కోపం ఊరికే రాలేదు. ఆమె పుట్టింది గిద్దలూరు దగ్గర రైలుకట్ట పక్కన. తండ్రి పట్టాల మీద గ్యాంగు కూలీ. తాతల నాడే ఆ ఇంట్లో బాప్తిస్మాలు అయ్యాయి. చర్చిలో ఆమె పేరు రూతమ్మ, బడిలో వెంకటరత్నమ్మ. కాగితాల్లో ఇప్పటికీ హిందువే. ఎందుకని ఆ కాలనీలో ఎవరూ అడగరు. కాగితం మారితే కుల సర్టిఫికెట్టు పోతుంది, అది పోతే పిల్లల చదువు పోతుంది. మోకాళ్ళూని కన్నీళ్ళతో ప్రార్థించే మనిషి ఆఫీసు బల్ల ముందు తన దేవుడి పేరు మింగేయాలి. ఇంత అన్యాయానికి కోపం రాకపోతే అది శాంతం కాదు, మొద్దుతనం.

పదిహేడో ఏట చెంచయ్యను చేసుకుని ఈ ఊరికి వచ్చింది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పలకల పనికి పోయేవాళ్ళు. దేశంలో సగం మంది పిల్లలు ఆ రాతి పలకల మీదే అఆలు దిద్దారు. ఆ రాయి కోసినవాళ్ళ ఊపిరితిత్తుల్లో ఏం చేరిందో ఎవరూ చూడలేదు. చెంచయ్య నలభై అయిదు నిండకుండానే దగ్గి దగ్గి పోయాడు. ఆఖరి వారంలో అన్నం మింగలేకపోయాడు. అప్పటి ముసలి పాస్టరు ఇంటికే వచ్చి ప్రభువు బల్ల అని సంఘంలో అందరికీ పంచే రొట్టెముక్కను ద్రాక్షరసంలో తడిపి నాలుక మీద పెట్టాడు. అది మాత్రం మింగాడు. అప్పటి నుంచి వెంకటరత్నమ్మకు నెలనెలా మొదటి ఆదివారం వచ్చే ఆ బల్ల అంటే వేరే లెక్క. ఆ రోజు తెల్లచీర కడుతుంది, పొద్దున ఏమీ తినదు. అంతకు ముందు కూడా కాన్పులప్పుడు తప్ప ఒక్క నెల కూడా ఆ రొట్టె తినకుండా ఉండలేదు. తన ఆఖరి వారంలో కూడా నాలుక మీద ఆ ముక్క పడాలని ఆమె కోరిక. ఇంకే కోరికా ఎవరికీ చెప్పలేదు.

పలకల పని మానేశాక చర్చి ఊడ్చే పని ఆమెకు దక్కింది. మూడేళ్ళ కిందట గుంటూరు వైపు దాతలెవరో చర్చి ఆవరణలో ఫిల్టరు నీళ్ళ ప్లాంటు పెట్టించారు. ఆ గేటు తాళంచెవి కూడా చర్చి సంఘం ఆమెకే ఇచ్చింది. ఆ వైపు ఊళ్ళలో బోరు నీళ్ళు తాగితే పళ్ళు గారపడతాయి, మోకాళ్ళు వంగవు, వయసు మళ్ళకముందే మూత్రపిండాలు చెడతాయి. కాబట్టి ఆ తాళంచెవి చిన్న పదవి కాదు. పొద్దున ఆరింటికి ఆమె గేటు తీస్తే కాలనీ మొత్తం క్యాన్లు పట్టుకుని నిలబడి ఉండేది. వరస తప్పినవాడికి తిట్లు, కుళాయి కట్టేయనివాడికి ఇంకా ఎక్కువ తిట్లు.

ఈ ఏడాది శివరాత్రికి ఊరి వైపున్న పంచాయతీ ప్లాంటు మోటారు కాలిపోయింది. ఇవాళ బాగవుతుంది, రేపు బాగవుతుందని రెండు నెలలు గడిచాయి. ట్యాంకరు తెచ్చిన నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. అప్పుడు ఊరివాళ్ళు ఒకరొకరుగా చర్చి గేటు వైపు చూడటం మొదలుపెట్టారు. జన్మలో కాలనీలో అడుగుపెట్టని వాళ్ళు క్యాను సంకన పెట్టుకుని వచ్చారు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం కూర్చుంది. పాస్టరు ఒక పథకం చెప్పాడు. సంఘస్థులకు పచ్చ కార్డులిస్తారు. కార్డు ఉంటేనే నీళ్ళు. బయటివాళ్ళు వరసగా మూడు ఆదివారాలు ఆరాధనకు వస్తే వాళ్ళకూ కార్డు ఇస్తారు.

“నీళ్ళ కోసం వచ్చినా, వచ్చి వాక్యం వింటారు గదా,” అన్నాడు. “దేవుడు దేన్నయినా వాడుకుంటాడు.”

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. మా మతంలో పూజారులు లేరు, మాకా బాధ లేదు అని కాలనీవాళ్ళు గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఆ ముచ్చటా తీరింది.

సంఘపెద్ద రామసుబ్బయ్య వెంటనే సరేనన్నాడు. ఆయన వెంకటరత్నమ్మకు బావ వరస, చెంచయ్యకు పెదనాన్న కొడుకు. ఆయన సరేననడానికి పాస్టరు కారణం కాదు. పన్నెండేళ్ళప్పుడు దాహమై ఊళ్ళో గొల్లల బావి గిలక ముట్టుకున్నాడని ఆయన్ని స్తంభానికి కట్టి చింతబరికెలతో కొట్టారు. డెబ్భై ఏళ్ళొచ్చినా వీపు మీద ఆ చారలు పోలేదు.

“నీళ్ళ కోసం నా తోలు వలిచినోళ్ళకు నేను నీళ్ళు పొయ్యాల్నా?” అన్నాడు. “ఊరక పొయ్యను. వచ్చి మన చాప మీద, మన పక్కన కూకుంటే పోస్తా.”

నిజం దాచకూడదు. ఆ మాటలు వింటుంటే వెంకటరత్నమ్మకు కడుపులో చల్లగా అయింది. చెయ్యెత్తమంటే అందరికంటే ముందు ఎత్తింది.

ఆమె ఎవరిని తలచుకుని చెయ్యెత్తిందో చెప్పాలి. గొల్లల వీధిలో ఓబులయ్య భార్య కృష్ణమ్మ. ఇద్దరూ ఒక ఏడాదే ఆ ఊరికి కోడళ్ళయి వచ్చారు. కాలనీలో అప్పటికి బోరు లేదు. అప్పట్లో మాలపల్లె అనే ఆ కాలనీ ఆడవాళ్ళు గొల్లల బావి కింద బిందెలు పెట్టి, పది అడుగులు వెనక్కి జరిగి నిలబడాలి. గొల్లల ఇళ్ళవాళ్ళకు బుద్ధి పుట్టినప్పుడు చేదతో ఎత్తుగా పట్టుకుని పోస్తారు. వైశాఖంలో ఒకరోజు ఏడు నెలల కడుపుతో వెంకటరత్నమ్మ వంతు వచ్చింది. పోస్తున్నది కృష్ణమ్మ. నిండిన బిందె ఎత్తుకోబోతుంటే గాలికి ఊగిన చేంతాడు కొస వచ్చి బిందె అంచుకు తగిలింది. కృష్ణమ్మ ఒక్క మాట అనలేదు. కాలితో బిందెను పక్కకు దొర్లించింది. నీళ్ళు మొత్తం నేల తాగింది. ఆ తర్వాత చేంతాడు కడుక్కుంది, మడిగా ఇంటికి పోయింది. వెంకటరత్నమ్మ మిట్టమధ్యాహ్నం దాకా అక్కడే నిలబడింది. ఇంకెవరూ రాలేదు.

అది జరిగి నలభై ఏళ్ళు దాటింది. క్షమించు ప్రభువా అని ఆమె ఎన్నిసార్లు ప్రార్థించిందో లెక్కలేదు, కానీ క్షమించమని అడిగింది తన తప్పులకే. కృష్ణమ్మను క్షమించే పని దేవుడికే వదిలేసింది, ఆయన తొందరపడకపోతే చాలనుకుంది.

మే నెల ఆఖరి వారంలో కృష్ణమ్మ గేటు దగ్గరికి వచ్చింది. ఓబులయ్యకు మూత్రపిండాలు చెడ్డాయి. కాళ్ళు వాచిపోయి, గొర్రెల వెంట కొండ దాకా నడిచే మనిషి మంచం పట్టాడు. మార్కాపురం డాక్టరు బోరు నీళ్ళు ఒక్క గుక్క కూడా తాగించొద్దని చెప్పాడు.

“రత్నమ్మక్కా,” అంది కృష్ణమ్మ గేటు ఊచలు పట్టుకుని. “మీ అన్నకు బాగలేదు. ఒక్క క్యాను నీళ్ళియ్యి.”

నలభై ఏళ్ళుగా ఏమే రత్నం అన్న నోరు. ఇవాళ అక్క అయింది, మంచం మీద ఉన్నవాడు అన్న అయ్యాడు. అవసరం ఎంత చక్కగా వరసలు కలుపుతుందో చూడమని వెంకటరత్నమ్మ మనసులో పళ్ళు నూరింది.

“కార్డుందా?” అంది.

“ఏం కార్డు?”

“పచ్చ కార్డు. లేకుంటే నీళ్ళు లేవు. మూడు ఆదివారాలు ఆరాధనకు రా, ఇస్తారు.”

“మూడు వారాలా? అందాక ఆయన ఏం తాగాల?”

“నన్నడిగితే నాకేం తెలుసు,” అని గేటు వేసింది.

రెండో రోజు వచ్చింది, అదే జవాబు. మూడో రోజు కృష్ణమ్మ ఏమీ అడగలేదు. ఆరింటికే వచ్చి గేటు బయట ఎండలో నిలబడింది. కాలనీవాళ్ళు అందరూ పట్టుకుని పోయారు. ఎనిమిదయింది, తొమ్మిదయింది. రోహిణి ఎండ, నీడలేదు. వెంకటరత్నమ్మ లోపల వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చుని, ఆమెను చూస్తూ తమలపాకు నమిలింది. నిలబడనీ, నాకు మధ్యాహ్నమయింది, నీకూ కానీ అనుకుంది. అంత తృప్తిగా ఆమె ఈమధ్య ఎప్పుడూ ఆకు నమల్లేదు.

పదిన్నర దాటాక కృష్ణమ్మ ఒక పని చేసింది. క్యాను మూత తీసి గేటు ముందు నేల మీద పెట్టింది. కొంగు తల మీదికి లాక్కుని వెనక్కి నడిచింది. పది అడుగులు లెక్కపెట్టినట్టు నడిచి, అక్కడ ఆగి, తల వంచుకుని నిలబడింది.

“ఏందది?” అంది వెంకటరత్నమ్మ. కుర్చీలోంచి లేచింది.

“మీ దేవుని కాడి నీళ్ళు గదక్కా. మీలో కలవనోళ్ళు తాకితే మీకు మైలయితదేమో, నేను తెలవక గేటు పట్టుకుంటి. అందుకేనేమో నువ్వు ఇయ్యలేదు. ఈడ్నే ఉంటాలే, తాకను. నువ్వే పైనించి పొయ్యి.”

ఆ మాటలో ఎగతాళి లేదు. ఆమె నిజంగానే అట్లా అనుకుంది. నీళ్ళకు మైల ఉంటుందని, ఇచ్చేవాళ్ళు పైన, పుచ్చుకునేవాళ్ళు పది అడుగుల దూరాన ఉండాలని ఆమెకు పుట్టినప్పటి నుంచి తెలుసు. కొత్తగా తెలిసిందల్లా ఈసారి తను నిలబడవలసిన చోటు ఇది అని. ఆ తల వంచడం, ఆ కొంగు లాక్కోవడం, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పొట్టకు అదుముకోవడం, అన్నీ వెంకటరత్నమ్మ ఎరిగినవే. తన ఒంటితో చేసినవే.

అరికాలి మంట నెత్తికెక్కింది. మైల కనిపెట్టినవాళ్ళ మీద కోపం, పచ్చ కార్డు కనిపెట్టిన పాస్టరు మీద కోపం, ఇంత వయసొచ్చి ఇంకా మైల గురించే మాట్లాడుతున్న కృష్ణమ్మ మీద కోపం. అన్నిటికంటే, కుర్చీ వేసుకుని ఆకు నమిలిన తన మీద తనకు పుట్టిన కోపం చూసి ఆమెకే భయమేసింది. ఇన్నేళ్ళ ప్రార్థనలు చేసి, ఇన్ని తెల్లచీరలు కట్టి, చివరికి తను నేర్చుకున్నది గొల్లల బావి దగ్గర పోసేవాళ్ళ పద్ధతా?

గేటు ధడాలున తీసింది. రెండంగల్లో పోయి కృష్ణమ్మ మణికట్టు పట్టుకుంది. ఆ ఇద్దరూ ఒకరినొకరు తాకడం అదే మొదలు.

“మైల లేదు, మన్ను లేదు. నడువు లోపలికి.”

“అక్కా, వద్దక్కా, ఎవరన్నా చూస్తే...”

“చూసి సావనీ. ఆ కుళాయి నీ చేత్తోనే తిప్పు. నేను పొయ్యను నీకు. జన్మలో ఎవరికీ పొయ్యను. నీ నీళ్ళు నువ్వే పట్టుకో.”

కృష్ణమ్మ కుళాయి తిప్పింది. క్యాను నిండేదాకా వెంకటరత్నమ్మ తిడుతూనే ఉంది. ఆ తిట్లు దేని గురించో కృష్ణమ్మకు సగం అర్థం కాలేదు.

ఆ సాయంత్రమే ఓబులయ్యకు ఆయాసం ఎక్కువై మార్కాపురం ఆసుపత్రికి ఆటోలో తీసుకుపోయారు. మూడు రోజులు బోరు నీళ్ళే తాగాడని ఊళ్ళో అనుకున్నారు. నాలుగు రోజులకు ఇంటికి తెచ్చారు, బతికాడు. కానీ ఆ నాలుగు రోజులూ వెంకటరత్నమ్మకు అన్నం సయించలేదు. గేటు మాత్రం పొద్దున ఆరింటికే తెరిచింది. కార్డు అడగడం మానేసింది. గొల్లలు వచ్చారు, కాపులు వచ్చారు, టీకొట్టు ఆయన వచ్చాడు. అందరికీ కుళాయి చూపించింది, అందరినీ సమానంగా తిట్టింది.

కబురు మార్కాపురం పోయింది. శనివారం పొద్దుగూకే వేళ పాస్టరూ రామసుబ్బయ్యా ఆమె ఇంటికి వచ్చారు. మరుసటి రోజు మొదటి ఆదివారం, బల్ల రోజు. ఆమె వాకిట్లో మంచం వాల్చి, ఇద్దరికీ మంచినీళ్ళిచ్చి, తను గడప మీద కూర్చుంది.

“రూతమ్మగారూ,” అన్నాడు పాస్టరు మెత్తగా. “సంఘం తీర్మానం మీరు మీరినారు.”

“నీళ్ళిచ్చేది తప్పా అయ్యగారూ?”

“నీళ్ళివ్వడం తప్పు కాదమ్మా. అవిధేయత తప్పు. రేపు బల్లకు ముందు మీరు లేచి సంఘం ముందు తప్పు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే అందరం క్షమిస్తాం. లేకపోతే బల్ల ఆపక తప్పదు, తాళంచెవి కూడా ఇచ్చేయాలి. నాకూ ఇష్టం లేదు, కానీ క్రమం అంటూ ఉండాలి గదా.”

బల్ల ఆపడమంటే చెప్పినంత తేలిక కాదు. రొట్టె పళ్ళెం వరస వెంట వస్తూ వస్తూ ఆ మనిషి దగ్గర ఆగకుండా పక్కకు పోతుంది. అందరూ చూస్తారు. ఆ తర్వాత పెళ్ళిలో పిలుపు పలచబడుతుంది, దారిలో వందనాలు పలచబడతాయి. మంచాన పడితే ఇంటికి రొట్టె తెచ్చేవాళ్ళుండరు. వెంకటరత్నమ్మ కళ్ళ ముందు చెంచయ్య ఎండిన నాలుక మెదిలింది.

రామసుబ్బయ్య ఇంతసేపూ నేల చూస్తున్నాడు. “నా వీపు నువ్వు చూసినావు గదా రత్నమ్మా,” అన్నాడు. “చూసి గూడా వాళ్ళకు గేటు తీస్తివి.”

“చూసినా బావా. నేనూ ఆ బావి కాడ నిలబడినదాన్నే. మర్చిపోతానా?” అంది. గొంతులో కోపం తిరిగి వచ్చింది. “నేనొకటడుగుతా. నువ్వు దెబ్బలు తిన్నోడివి. కొట్టేటోడివి ఎప్పుడైతివి?”

ఆయన గ్లాసులో నీళ్ళు అలాగే ఉంచి లేచాడు. పాస్టరు తలుపు దగ్గర ఆగి, రాత్రికి ప్రార్థించుకోండమ్మా అని చెప్పి పోయాడు.

ఆదివారం ఆమె తెల్లచీర కట్టింది. పొద్దున ఏమీ తినలేదు. మూడో వరసలో గోడ పక్కనే కూర్చుంది. పాటలయ్యాయి, ప్రసంగమయింది. ఈసారి కోపం మీద కాదు, విధేయత మీద. బల్ల మీద తెల్లగుడ్డ కప్పిన రొట్టె పళ్ళెం, గిన్నెలు ఉన్నాయి. పాస్టరు గుడ్డ తీయకుండా ఆమె వైపు చూశాడు.

“మన సహోదరికి ఒక మాట చెప్పుకోవాలని ఉంది,” అన్నాడు.

వెంకటరత్నమ్మ లేచింది. మోకాళ్ళు పట్టేసి లేవడానికి కొంచెం సేపు పట్టింది. పక్కనున్నామె చెయ్యి ఇవ్వబోతే వద్దంది.

“నేను తప్పు చేసినాను,” అంది. పాస్టరు తలూపాడు. “మంచం మీద ఉన్న మనిషికి నీళ్ళు కావాలని ఆడమనిషి మూడు రోజులు గేటు కాడికొస్తే నేను ఇయ్యలేదు. మూడో రోజు ఎండలో నాలుగు గంటలు నిలబెట్టినా. కుర్చీ ఏసుకోని చూస్తా కూకున్నా. కార్డు లేదని కాదు. కార్డు సాకు. నాకు పాత కసి ఉండాది. అది తీర్చుకునేదానికి మీరు నాకు పచ్చ కాగితం ఇస్తిరి, దానిమీద దేవుని పేరు రాసి మరీ ఇస్తిరి. ఆ మనిషి ఆసుపత్రికి పొయినాడు. సచ్చింటే ఆ పాపం నాది. ఇదీ నా తప్పు. సంఘం ముందర ఒప్పుకుంటా ఉండా.”



“అమ్మా,” అన్నాడు పాస్టరు. “నేను అడిగింది అది కాదు.”

“మీరు అడిగింది నేను చెయ్యలేదు అయ్యగారూ. నేను చేసింది చెప్పినా.”

“తీర్మానం మీరిన సంగతి...”

“తీర్మానానికి అందరికంటే ముందు చెయ్యెత్తినదాన్ని నేనే. అదీ తప్పే, అదీ రాసుకోండి.” గొంతు పెద్దదయింది, ఆమె తగ్గించుకోలేదు. “కోపపడొద్దని నెలనెలా చెప్తారు గదా. నాకు కోపం రావాల్సిన పొద్దు రాలేదు అయ్యగారూ. మీరు ఆ కార్డు మాట చెప్పిన పొద్దు నేను లేచి మీ మీద అరిచింటే ఈ పాపం జరిగేది కాదు. ఆ పొద్దు నేను శానా శాంతంగా ఉండినా.”

పాస్టరు ముఖం ఎర్రబడింది. తాళంచెవి కోసం చెయ్యి చాచాడు. సంఘం ఇచ్చింది, సంఘపెద్దను అడగమనండి, ఇస్తాను అంది ఆమె. అందరూ రామసుబ్బయ్య వైపు చూశారు. ఆయన తన చాప అంచులో ఊడిన పోగు ఒకటి పట్టుకుని లాగుతూ కూర్చున్నాడు. తల ఎత్తలేదు. అడగనూ లేదు. పాస్టరు చెయ్యి కాసేపు గాలిలో ఉండి కిందికి దిగింది.

“బల్ల మీరు ఆపబన్లేదు,” అంది వెంకటరత్నమ్మ. “నేనే ఆగుతా. ఎవరికి చేసినానో ఆమెకు చెప్పకుండా మీ అందరికీ చెప్పి రొట్టె తింటే అది నాకు అరగదు.”

చాపల మధ్య నుంచి నడుచుకుంటూ బయటికి వచ్చేసింది. వెనక పాట ఎవరో సన్నగా ఎత్తుకున్నారు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, కోపమూ పోలేదు. తెల్లచీరతో, ఖాళీ కడుపుతో, ఎండన పడి గొల్లల వీధికి పోయింది. ఆ వీధిలోకి ఆమె పనిలేకుండా ఎప్పుడూ పోలేదు.

కృష్ణమ్మ ఇంటి ముందు పాక నీడలో గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతోంది. లోపల మంచం మీద ఓబులయ్య నిద్రపోతున్నాడు. ఆమెను చూసి కృష్ణమ్మ గాభరాగా లేచింది. నీళ్ళు ఆపేశారేమోనని ఆమె భయం.

“కూకో,” అంది వెంకటరత్నమ్మ. నిలబడే చెప్పింది. మూడు రోజులు కావాలనే ఇవ్వలేదని, ఎండలో కావాలనే నిలబెట్టానని, కార్డు కాదు కారణమని, తప్పయిందని, మన్నించమని. తిడుతున్న గొంతుతోనే మన్నించమంది. ఆమెకు ఇంకో గొంతు లేదు.

“పోనీలే అక్కా,” అంది కృష్ణమ్మ తేలిగ్గా. “తర్వాత ఇస్తివి గదా. ఆయన లేచి కూకుంటుండాడు. ఇంతకీ నా మీద నీకు కసి ఏంది?”

“ఏందా? బిందె తన్నితివే, దానికి.”

“ఏ బిందె?”

నలభై ఏళ్ళు ఆ బిందె వెంకటరత్నమ్మ కడుపులో దొర్లుతూనే ఉంది. ఆ బిందె తన్నిన కాలు మాత్రం అదే రోజు సాయంత్రానికి మర్చిపోయింది.

“గుర్తు లేదా?” అంది. “గుర్తే లేదా నీకు?”

అప్పుడు మొదలుపెట్టింది. వైశాఖమని చెప్పింది, ఏడో నెలని చెప్పింది. పది అడుగులు, గాలికి ఊగిన చేంతాడు, దొర్లిన బిందె, తడిసి ఆరిపోయిన నేల, రాని మనుషులు. తిట్టింది. ఏడ్చింది. మళ్ళీ తిట్టింది. వీధిలో ఇద్దరు ముగ్గురు తలుపుల దగ్గరికి వచ్చి చూశారు. కృష్ణమ్మ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. గొర్రెపిల్ల సీసా వదిలేసి పోయింది. ఆమె చేతిలో సీసా వంగి పాలు కిందికి కారుతున్నా చూసుకోలేదు.

అంతా అయ్యాక కృష్ణమ్మ తల వంచుకుని సీసా పక్కన పెట్టింది. మన్నించమంటుందని, లేదా అబద్ధమంటుందని వెంకటరత్నమ్మ రెండింటికీ జవాబు సిద్ధంగా పెట్టుకుంది.

కృష్ణమ్మ తలెత్తింది. ముఖం పాలిపోయి ఉంది.

“మరి ఆ పొద్దు,” అంది, “నువ్వు నీళ్ళు యాడ తెచ్చుకుంటివి?”

వెంకటరత్నమ్మ నోరు తెరిచింది. ఏ తిట్టూ రాలేదు. ఆ మాట చెంచయ్య అడగలేదు. అతను కూడా అందరిలాగే బావివాళ్ళను తిట్టి పనికి పోయాడు. పాస్టర్లు మారారు, ఒక్కరూ అడగలేదు. ఆమె దేవుడికి చెప్పుకున్నప్పుడు కూడా బిందె దొర్లిన దగ్గరే ఆపేసేది.

నెమ్మదిగా పాక గుంజ పట్టుకుని కృష్ణమ్మ పక్కన నేల మీద కూర్చుంది.

“వాగులో చెలమ తీసినా,” అంది. “ఎండాకాలం గదా, నీళ్ళు ఊరేదానికి శానా సేపు పట్టింది.”